సంతకం పెట్టి ముట్టుకో

నన్ను సెల్లారుకు బదిలీ చేసిన రోజు ఇంటికొచ్చి అన్నం తినలేదు. జూనియర్ అసిస్టెంటుగా చేరి రెండేళ్లు కాలేదు, అప్పుడే పాత కాగితాల్లోకి తోసేశారని ఉక్రోషం. మా యూనివర్సిటీలో చోటు చాలక పాత రికార్డునంతా కొత్తపేటలో ఒక కిరాయి బిల్డింగు కింద సెల్లారులో పెట్టారు. పైన బట్టల గోడౌను, పక్క సందు దాటితే పండ్ల మార్కెట్టు. ఎండాకాలం మామిడి వాసన, తక్కిన రోజుల్లో బత్తాయి వాసన. మా ఇల్లు ఎల్బీనగర్ అవతల కాబట్టి ఆఫీసు దగ్గరైందని మా అమ్మ సంబరపడింది. నాకు మాత్రం ఆ మెట్లు దిగుతుంటే ఉద్యోగం నుంచే దిగిపోతున్నట్టు ఉండేది.

కింద ఒకే ఒక మనిషి ఉండేవాడు, రికార్డు అసిస్టెంటు. యాభై దాటిన వయసు, చెవి మీద పెన్సిలు, మోచేతుల దాకా మడిచిన చొక్కా. పోచంపల్లి దిక్కు చేనేత కుటుంబం. పడుచు వయసులో అటెండరుగా చేరి ఇక ఆ కాగితాలను వదల్లేదు. ప్రమోషన్ ఇచ్చి వేరే సెక్షనుకు వేస్తే వద్దని రాసిచ్చాడట. అది విని, ఎవరీ పిచ్చి మారాజు అనుకున్నాను.

మొదటిరోజే మా ఇద్దరికీ చెడింది. ర్యాకులోంచి ఒక రిజిస్టరు లాగి తిరగేయబోయాను.

"సంతకం పెట్టి ముట్టుకో బిడ్డా" అన్నాడు.

హోదాలో నేనే పై మెట్టు, కనీసం కాగితం మీద. "నేనిక్కడ పనిచేయడానికే వచ్చానండీ" అన్నాను కాస్త గట్టిగానే.

"అందుకే చెప్తున్న. గీడ పనిచేసేటోళ్లే ముందుగాల పెట్టాలె."

తలుపు పక్కన చిన్న బల్ల, దాని మీద లావుపాటి పుస్తకం, దారం కట్టిన పెన్ను. తేదీ, పేరు, ఏ రికార్డు, ఏం పని మీద, సంతకం. అక్కడ ఏ కాగితం ముట్టుకోవాలన్నా ముందు ఆ గళ్లన్నీ నిండాలి. ఒకసారి పెద్ద పదవిలో ఉన్నాయన ఎవరో దిగొచ్చి, "నా యూనివర్సిటీ కాగితాలకు నేను సంతకం పెట్టాలా?" అని గుడ్లురిమితే, "మీరు పోతరు సార్, కాగితం ఉంటది. దాన్ని ఎవలు చూసిన్రో యాదుండాలె గదా" అన్నాడట. ఆయన గమ్మున పెట్టి పోయాడు. ఆ సంతకం నాకు ఎన్నిసార్లు చూపించాడో లెక్కలేదు.

మూతి ముడుచుకుని నేనూ పెట్టాను. 'ఏం పని మీద' అన్న గడిలో వెటకారంగా 'ఉద్యోగం' అని రాశాను. ఆయన అది చదివి, మంచిగుంది అన్నట్టు తలూపాడు. నా వెటకారం ఆయనకు తగల్లేదు.

"బాబాయ్ గారూ" అని పిలిస్తే నవ్వేవాడు. "మా దిక్కు గా పిలుపు లేదు బిడ్డా. కాకా అను, సరిపోతది" అనేవాడు. మా వాళ్లు ఎప్పుడో కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. నేను పుట్టిందీ చదివిందీ ఈ నగరంలోనే, అయినా నోరు విప్పగానే మేమెటువాళ్లమో తెలిసిపోతుంది. కాకా అన్న పిలుపు నోటికి పట్టడానికి ఆర్నెల్లు పట్టింది.

ఆ ఆర్నెల్లలోనే నా ఉక్రోషమూ పోయింది. ఆ గది చూస్తే ఎవరికైనా కోపం నిలవదు. పాత రికార్డును గుడ్డలో చుట్టి కట్టిన మూటను బస్తా అంటారు. ఆఫీసు ఇచ్చే ముతక గుడ్డ ఎప్పుడూ చాలేది కాదు. కాక వాళ్ల చుట్టాల మగ్గాల దగ్గరికి వెళ్లి రంగు తప్పినవి, డిజైను జారినవి, అమ్ముడుపోని పోచంపల్లి చీరల ముక్కలు అడిగి తెచ్చేవాడు. మా యూనివర్సిటీ చరిత్ర మొత్తం అలాంటి చీరల్లో చుట్టి ఉండేది. పదేళ్లకో రంగు. ఎర్ర మూటలు తొలి రోజులవి, తర్వాత పసుపు, ఆ తర్వాత నీలం. ఎవరైనా వచ్చి ఫలానా సంవత్సరంలో చదివానంటే చాలు, కాక ఏ జాబితా చూడకుండా నేరుగా ఆ రంగు దగ్గరికి నడిచేవాడు. మూటల మధ్య ఎండిన వేపాకు. పేజీ తిప్పడానికి ఎవరైనా వేలు తడి చేసుకున్నారో, ఆ రోజు వాళ్లకు మూడినట్టే.

నల్గొండ నుంచి ఒక రిటైర్డ్ టీచరు వచ్చాడోసారి. ఇల్లు కాలి సర్టిఫికెట్లన్నీ పోయాయట. ఊళ్లో ఎవరో హేళన చేస్తే పట్టుదలగా బస్సెక్కాడు. "నేను చదివాననే నమ్మకం నాకే పోయింది సార్" అన్నాడు. కాక పసుపు మూట విప్పి పావుగంటలో ఆయన పేరు, హాజరు, ఒక పరీక్ష తప్పి మళ్లీ రాసిన సంగతి కూడా ముందు పెట్టాడు. ఆ తప్పిన పరీక్షను చూసి ముసలాయన ఎంత మురిసిపోయాడో! "గది నేనే, గది పక్కా నేనే" అన్నాడు. మనిషి పోగొట్టుకున్నదాన్ని ఇంత ప్రశాంతంగా తిరిగి ఇచ్చే ఉద్యోగం ఇంకొకటి ఉంటుందని నాకు అంతకుముందు తెలియదు. ఇవాళ ఆ రికార్డు బాధ్యత నా చేతిలో ఉంది, ఇంకో సెక్షను అడగలేదు.

అన్ని మూటల్లో ఒకటి మాత్రం వేరేగా, ఒంటరిగా, పై అరలో ఉండేది. ఒకరోజు దింపి గుడ్డ విప్పితే అడ్మిషన్ రిజిస్టరు. దాని నడుం చుట్టూ సైకిల్ ట్యూబు పట్టీలు, ఒకదాని పక్కన ఒకటి, సందు లేకుండా బిగించి ఉన్నాయి. రబ్బరు కరిగి, నల్లగా గట్టిపడి, కాగితానికి అంటుకుపోయింది. ఇదేం ఘోరమని కత్తెర తీశాను.

"ముట్టకు!" అని అరిచాడు కాక. ఆయన గొంతు లేవడం అదే మొదటిసారి. కాసేపటికి తనే స్టూలు మీద కూలబడి చెప్పాడు.

కాకకు ఒక అన్న ఉండేవాడు. వాళ్ల ఊరి చేనేత ఇళ్లల్లో యూనివర్సిటీ మెట్లెక్కిన మొదటివాడు. అరవై తొమ్మిదిలో, మొదటిసారి తెలంగాణ ఉద్యమం లేచినప్పుడు, పోలీసు కాల్పుల్లో పోయాడు. ఇంట్లో ఫోటో లేదు. కడుపుకోతలో వాళ్లమ్మ ఆయన నోటుపుస్తకాలన్నీ రంగులు కాచే పొయ్యిలో పెట్టింది. ఆయన చేతిరాత ఇంట్లో ఒక్క ముక్క మిగల్లేదు. కాక అటెండరు ఉద్యోగంలో చేరిందే ఆ రాత కోసం. మొదటి వారంలోనే ఈ రిజిస్టరు వెతికి పట్టుకుని అన్న సంతకం చూశాడు. అదే మొదలు, అదే ఆఖరు.

"కుట్టు ఊడి పేజీలు జారుతుండె" అన్నాడు. "పడిపోతయేమోనని పరేషానై ఇంట్ల నూలు కట్టినట్టు కట్టిన. రంగుల ముంచే ముందల నూలుకు ట్యూబు పట్టీలు సుట్టి బిగిస్తం గదా, కట్టిన కాడ రంగెక్కది. నాకు పైలంగ కట్టుడంటే గదొక్కటే తెల్సు. మూడు ఎండకాలాలకు రబ్బరు కరిగి అంటుకపోయింది. జర గుంజి చూసిన, మూల చినిగింది. గంతే, మల్ల ముట్టలే. అన్న లోపల్నే ఉన్నడు బిడ్డా. కట్టింది నేనే, ఇప్పలేకపోయింది నేనే."

తెలిసినవాళ్లకు చూపించమని పోరాను. చూపించాడట, రబ్బరుతో పాటు కాగితమూ ఊడొస్తుందని చెప్పారట. యూనివర్సిటీలోని ప్రతి కాగితాన్నీ పసిబిడ్డలా చూసుకున్న మనిషి, తనకు అన్నిటికంటే కావలసిన కాగితాన్ని మితిమీరిన ప్రేమతో తనే మూసేసుకున్నాడు. నాకు ఆ రోజంతా మనసు మనసులో లేదు.

ఆ తర్వాతి ఏడు, ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె వచ్చింది. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా రోడ్డు పొడవునా శిబిరాలు. మా ఉద్యోగుల టెంటు కొత్తపేటలోనే, సెల్లారుకు పది అడుగుల దూరంలో. సమ్మె ముగిసేదాకా ఆఫీసు గడప తొక్కమని అందరూ చెయ్యెత్తి ప్రమాణం చేశారు. కాక ముందు వరుసలో ఉన్నాడు. నన్ను ప్రమాణం చేయమని ఎవరూ అడగలేదు, నేనూ వెళ్లలేదు. కొన్నాళ్లు ఇంట్లోనే ఉండమన్నారు మా వాళ్లు. ఊరంతా సమ్మెలో ఉంటే నేను సెలవులో ఉన్నట్టు టీవీ ముందు కూర్చున్నాను. పుట్టిన ఊళ్లో అలా కూర్చోవడం ఎంత చిన్నతనంగా ఉంటుందో కూర్చున్నవాళ్లకే తెలుస్తుంది.

రెండు రోజులు విడవకుండా వాన కొట్టింది. మూడోరోజు పొద్దున్నే తెరిపిచ్చింది, బిల్డింగు వాచ్‌మన్ నుంచి ఫోను వచ్చింది. "మేడం, సెల్లార్ల నీళ్లొచ్చినయ్. మీ కాడనే గదా తాళం."

బస్సులు లేవు. ఆటో దొరికి అక్కడికి చేరి తాళం తీసేసరికి మోకాలి లోతు నీళ్లు. తుప్పుపట్టిన ర్యాకు ఒకటి ఒరిగి, పై అర మూటలు కూడా నీళ్లలో తేలుతున్నాయి. వాటిలో ట్యూబు కట్టిన రిజిస్టరు. దాన్ని చంకన పెట్టుకుని టెంటు దగ్గరికి పరిగెత్తాను.

"కాకా, సెల్లారు నిండిపోయిందండీ!" అన్నాను. ఆ 'అండీ'కి పది తలలు నా వైపు తిరిగాయి. ఎవలామె అన్నారెవరో.

"మా బిడ్డ. మా రికార్డు బిడ్డ" అన్నాడు కాక లేస్తూ.

రిజిస్టరు నా చేతిలోంచి అందుకుని పరుగున వచ్చాడు, కానీ గేటు దగ్గర ఆగిపోయాడు. లోపల మూటలు మునుగుతుంటే ఆ మనిషి గడపకివతలే నిలబడ్డాడు. నాకు ఒళ్లు మండింది. "మీ ప్రమాణం మీరు పట్టుకుని కూర్చోండి. అక్కడ అందరి అన్నలూ మునిగిపోతున్నారు" అన్నాను. ఆ మాట ఇప్పటికీ నన్ను కుదురుగా ఉండనివ్వదు.

కాక రోడ్డు వైపు చూశాడు. ఆ రోజుల్లో ఎవరి పని వాళ్లు రోడ్డు మీదికి తెచ్చి చేయడమే నిరసన. ఒకచోట వంటా వార్పు, ఒకచోట క్షవరాలు, ఒకచోట ఇస్త్రీ. మా టెంటు పక్కనే పోచంపల్లి నుంచి వచ్చినవాళ్లు మగ్గం దింపి నేస్తున్నారు.

"ఆళ్ల ఆళ్ల పని ఆళ్లు రోడ్డు మీద చేస్తున్నరు" అన్నాడు కాక, టెంటులోవాళ్లతో. "మన పనేంది? కాగితం కాపాడుడు. గదే చేద్దాం, గీ రోడ్డు మీదనే."

"మరి లోపలికెవలు పోతరే? అందరం ప్రమాణం చేస్తిమి గదా" అన్నాడు సంఘం నాయకుడు.

"నేను చేయలేదు" అన్నాను.

ఒక్క క్షణం అందరూ నన్ను చూసి, పెద్దగా నవ్వారు. ఆ నవ్వులో నాకు ఎక్కడా ముల్లు కనపడలేదు.

నేనూ వాచ్‌మనూ నీళ్లలోంచి మూటలు తీసి గేటు దాకా మోశాం. అక్కడి నుంచి చేతులు మారుతూ టెంటులోకి పోయాయి. అన్న రిజిస్టరును రొమ్ముకు హత్తుకుని నిలబడ్డ కాక నన్ను మొట్టమొదట అడిగిందేమిటో తెలుసా? "బిడ్డా, ముందుగాల సంతకాల బుక్కు తే." అది బల్ల మీద ఉండబట్టి తడవలేదు. ఇంత మునకలో ఇదేం చాదస్తమని గొణుక్కుంటూనే తెచ్చిచ్చాను.

ఆ రోజంతా అక్కడ జరిగింది చూసినవాళ్లు అదృష్టవంతులు. ఎండలో పెట్టొద్దు, కాగితం వంకర పోతుంది, రాత వెలుస్తుంది, నీడనే ఆరాలన్నాడు కాక. టెంటులో తాళ్లు కట్టారు. విడి కాగితాలను తాళ్ల మీద వేసి, రిజిస్టర్లను విసనకర్రల్లా తెరిచి నిలబెట్టి, పేజీల మధ్య పాత పేపర్లు పెట్టారు. మూటల గుడ్డలు పిండి రోడ్డు వార కట్టెల మీద ఆరేశారు. ఇద్దరు ఆడవాళ్లు స్కూటీ ఆపి, "గీ చీరలెంతకిస్తున్రు?" అని బేరానికి దిగారు. సమ్మెలో ఉన్న బస్సు డ్రైవరొకాయన పేజీలు పట్టుకుని తన మండలం పేరు కనపడ్డప్పుడల్లా గట్టిగా చదివేవాడు, చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టేవాళ్లు. యూనివర్సిటీ ఆ ఒక్కరోజు గోడల్లేకుండా రోడ్డు మీద కూర్చుంది.

ఎంతమంది ఉన్నా, కాగితం ముట్టుకున్న ప్రతి ఒక్కరూ ముందు సంతకం పెట్టాల్సిందే. 'ఏం పని మీద' అన్న చోట అందరూ ఆరబెట్టుట, ఆరబెట్టుట అని రాశారు. ఏమిటీ కాగితాలని ఇన్స్పెక్టరొకాయన వచ్చి ఒకటి తీయబోతే, "సంతకం పెట్టి ముట్టుకో సారూ" అన్నాడు కాక. ఆయన టోపీ తీసి చంకలో పెట్టుకుని సంతకం పెట్టాడు. పని: బందోబస్తు.

మధ్యాహ్నానికి మిగిలింది ఒక్కటే, ట్యూబు రిజిస్టరు. అంచుల్లోంచి నీళ్లు కారుతున్నాయి. విప్పకపోతే లోపల బూజు పట్టి ముద్దైపోతుంది. విప్పితే చిరిగిపోవచ్చు. కాక బ్లేడు పట్టుకున్నాడు, చేయి ఆడలేదు. నాకిచ్చాడు, నా చేయీ ఆడలేదు.

మగ్గం పక్కన కూర్చున్న ఒక ముసలమ్మ పొద్దుట్నుంచీ ఇదంతా చూస్తోంది. లేచి వచ్చి వంగి చూసింది. "గీ కట్టు ఎవలు కట్టిన్రు?"

"నేనే అవ్వా."

"మొగోని కట్టు. పీక పిసికినట్టు కట్టినవ్ గదరా" అంది. ఊహ తెలిసినప్పటి నుంచీ ఆమె పనే నూలుకు కట్లు కట్టడం, రంగు పట్టాక పోగు తెగకుండా విప్పడం. "ఇటు తే."

కాక కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. అయినా ఏమన్నాడు? "సంతకం పెట్టి ముట్టుకో అవ్వా."

ఆమెకు రాయడం రాదు. వేలిముద్ర వేసింది. పని గడిలో 'కట్టు విప్పుట' అని కాక రాశాడు.

పౌడరుందా అని ఆమె నన్నడిగింది. బ్యాగులోంచి డబ్బా తీసిచ్చాను. జిగట మీద పౌడరు చల్లి, సగం బ్లేడుతో రిజిస్టరు వీపు వైపు నుంచి ఒక్కో పట్టీ కోసి, గోటితో లేపుతూ వచ్చింది. గుంజలేదు. ఎక్కడ మరీ అంటుకుందో అక్కడ కాగితం అంచు పోగంత వెడల్పున వదిలేసింది. "అంచు పోతే పోనీ, రాత దక్కాలె" అనేది తనలో తాను. సాయంత్రం టీలు వచ్చేదాకా తల ఎత్తలేదు. అంత గొప్ప చేతులు నేను మళ్లీ చూడలేదు.

ఆఖరి పట్టీ ఊడింది. ఆమె అట్ట తెరిచి, తడి పేజీలు ఒకటొకటే విడదీస్తూ వెళ్లింది. పేజీల పైనా కిందా సిరా కరిగి నీలంగా పాకింది. నడుమ మాత్రం, పట్టీలు బిగిసిన మేర, కాగితం పొడిగా ఉంది. ఆ మేర పేర్లు, ఊళ్లు, సంతకాలు రాసిననాటి లాగే ఉన్నాయి.

"కట్టిన కాడ ఎక్కలే" అంది ఆమె, రోజూ చూసే సంగతే అన్నట్టు.

చూడమని కాకను ముందుకు తోశాను. ఆయన రాలేదు. వెనక్కి తిరిగి బల్ల దగ్గరికి వెళ్లి, పెన్ను తీసుకుని సంతకాల పుస్తకంలో రాశాడు. అప్పుడు వచ్చాడు. నేను ఉండబట్టలేక ఆ గడిలోకి తొంగిచూశాను. ఏం పని మీద: అన్నను చూడనీకి.

అన్న పేరున్న పేజీ పట్టుకుని, దానికి రెండంగుళాల ఎత్తులో వేలు ఆపి చాలాసేపు చూశాడు. "ఇంత చిన్న సంతకమా?" అన్నాడు. "నా యాదిల పెద్దగుండె."

నాకు ఏడుపు ఆగలేదు. టెంటులో ఎవరికీ ఆగలేదు. సంఘం నాయకుడు కాక భుజం మీద చేయి వేసి, "గా పేజీ ఇంటికి తీస్కపో అన్నా. గీ వానల ఏది పోయిందో ఎవలకెరుక?" అన్నాడు. నేను కూడా మనసులో తీసుకెళ్లమనే అనుకున్నాను.

"ఇంటికి తీస్కపోతే మా అన్న ఒక్కడే అయితడు" అన్నాడు కాక. "గీ పేజీల దోస్తులున్నరు. ఆళ్లతోనే ఉండనీ."

ఆరిన కాగితాలు మళ్లీ మూటలు కట్టి, ఎత్తైన చోట పెట్టనిమ్మని పైన గోడౌను ఆయన్ను అడిగి అక్కడికి చేర్చాం. అన్న రిజిస్టరును కాక ఈసారి నూలు నాడాతో, వదులుగా కట్టాడు. ముసలమ్మ ఆ ముడి చూసి సరేనంది. నేను చీర కొంగు పిండుకుంటూ బయల్దేరుతుంటే కాక పిలిచాడు.

"నీది పెట్టలే బిడ్డా."

సంతకాల పుస్తకం తెరిచి చూపించాడు. ఆ రోజు తేదీ కింద మొదటి వరుస ఖాళీగా ఉంది. రెండో వరుస నుంచి వాచ్‌మన్, నాయకుడు, బస్సు డ్రైవరు, ఇన్స్పెక్టరు, అందరూ ఉన్నారు.

"పొద్దుగాల్నే ఇడ్చిపెట్టిన" అన్నాడు. "మొదలు ముట్టుకున్నది నువ్వే గదా."

పెన్ను తీసుకున్నాను. పేరు రాశాను. 'ఏం పని మీద' దగ్గర చేయి ఆగింది. ఎన్నో మాటలు తోచాయి గానీ, చివరికి 'ఉద్యోగం' అని రాశాను. కాక చదివి, మొదటి రోజులాగే, మంచిగుంది అన్నట్టు తలూపాడు.